చెప్పొద్దన్న మాట

“నేను నీకొక్కదానికే చెప్పినాను కదా ప్రశాంతీ.”

శ్యామలమ్మ గొంతు పెంచలేదు. కంచంలో సంగటి ముద్ద సగం అలాగే ఉండగా చెయ్యి కడుక్కుని లేచింది. అంతే.

కోడలు ప్రశాంతి వంటింటి గడప దగ్గర నిలబడిపోయింది. నిమిషం కిందట ఆమె మామతో అన్న మాట ఇది. “మామా, అత్తకు నాలుగు నెలల నుంచి రక్తం కనపడతాండాది. పరీక్షలో కూడా తేడా వచ్చింది. హిందూపురానికి పోయి చూపించుకోవల్లంట. పోనంటాంది.”

ఆదివారం మధ్యాహ్నం. కార్ల ఫ్యాక్టరీలో డ్యూటీ లేదు కాబట్టి కొడుకు చంద్రశేఖర్ కూడా ఇంట్లోనే ఉన్నాడు. తండ్రి చెన్నకేశవులు పక్కన కూర్చుని తింటున్నాడు. ఇద్దరి చేతులూ కంచాల్లోనే ఆగిపోయాయి.

“ఏం రక్తం?” అన్నాడు చెన్నకేశవులు.

ప్రశాంతి అత్త వైపు చూసింది.

“అడుగుతాంటే చెప్పరేం?”

“అత్తకు ముట్లు ఆగిపోయి తొమ్మిదేండ్లాయె మామా. ఇప్పుడు మళ్ళా...” ప్రశాంతి తల దించుకుంది. పదకొండేళ్ళ కాపురంలో మామ ముందు ఆ మాట అనడం ఇదే మొదటిసారి.

“ఆగిపోయిన మనిషికి ఇంకేముంటాది? వేడి చేసుంటాది. పొద్దస్తమానం ఆ పట్టుపురుగుల షెడ్డులోనే ఉంటాది కదా. సబ్జా గింజలు నానబెట్టి తాగితే...”

“ఆగిపోయినాక వస్తేనే మామా భయపడాల్సింది. నర్సు ప్రేమలతక్క చెప్పింది.”

చంద్రశేఖర్ లేచి నిలబడ్డాడు. “నాలుగు నెలలా? అమ్మా! నాలుగు నెలల నుంచి గమ్మునుండావా?”

పెరటి తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది.

నెల కిందట ఆ పరీక్షకు బయల్దేరింది నిజానికి ప్రశాంతి కోసం. ముప్పై మూడేళ్ళ ప్రశాంతికి ఏడాదిగా తెల్లబట్ట, నడుము నొప్పి. ఏఎన్నెం ప్రేమలత పెనుకొండలో వాళ్ళ వీధి అంతా తిరిగి చెప్పింది. బళ్ళో క్యాంపు పెడుతున్నారు, ముప్పై దాటిన ఆడవాళ్ళంతా రావాలి, గర్భసంచి మూతికి వచ్చే క్యాన్సరును ముందే పట్టుకునే పరీక్ష, అయిదు నిమిషాల పని అని.

“నేను రాలేనత్తా, అందరి ముందర ఆ బల్ల మీద...” అంది ప్రశాంతి.

“అందరి ముందర యాడ? తెర కడతారంట. ఇద్దర్ని కన్నదానివి, ఇంకేం సిగ్గు పాపా?” అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది శ్యామలమ్మ. అక్కడికి పోయాక కూడా కోడలి కాళ్ళు కదల్లేదు. “ఉండు, ముందు నేను పడుకుంటా. నన్ను చూసి నువ్వు పడుకో” అని తనే తెర వెనక్కు పోయింది. కాసేపటికి చీర సర్దుకుంటూ బయటికి వచ్చి, “ఏం లే, చీమ కుట్టినట్టు కూడా లే” అని నవ్వింది.

మొన్న బుధవారం ప్రేమలత రిపోర్టులు పట్టుకొచ్చింది. ప్రశాంతిది మామూలు ఇన్ఫెక్షను. వారం రోజులు మాత్రలు మింగితే పోతుంది. శ్యామలమ్మది అట్లా లేదు. కణాల్లో మార్పు ఉంది, హిందూపురంలో డాక్టరమ్మ దగ్గర భూతద్దం లాంటి యంత్రంతో చూపించుకోవాలి అని రాసి ఉంది.

ప్రేమలత ముందు “పోతాలేమ్మా” అంది శ్యామలమ్మ. ఆమె వెళ్ళిపోయాక కోడల్ని పెరట్లోకి పిలిచి, అప్పటిదాకా దాచుకున్నది చెప్పేసింది. నాలుగు నెలల నుంచి అప్పుడప్పుడూ చీరకు మరక అవుతోంది. “మీ మామకూ వానికీ చెప్పొద్దు. నా మీద ఒట్టు వెయ్యి.”

ప్రశాంతి ఒట్టు వేసింది. నాలుగు రోజులు నిద్ర లేకుండా తిరిగింది. ఆదివారం అన్నం దగ్గర ఇంక పట్టలేక చెప్పేసింది.

*

ఆ పూట నుంచి శ్యామలమ్మ కోడలితో మాట్లాడటం మానేసింది.

“ఏమయ్యా, పాలు పొంగుతాండాయని చెప్పు” అనేది, ప్రశాంతి రెండడుగుల దూరంలో ఉండగానే.

చెన్నకేశవులు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, “పాలంటమ్మా” అనేవాడు.

కొడుకు రెండుసార్లు అరిచాడు. ఒకసారి బతిమాలాడు. “నేను సెలవు పెడతా మా. నువ్వు వచ్చి కూర్చుంటే చాలు.”

“పురుగులు కుబుసం విడిచి నాలుగో జ్వరం నుంచి లేచినాయి. మూడు పూటలూ ఆకు వెయ్యల్ల. ఇప్పుడు నేను యాడికి వచ్చేది?” అనేది శ్యామలమ్మ. ఆపైన ఎంత మాట్లాడినా ఆకు తట్ట ఎత్తుకుని షెడ్డులోకి పోయేది.

బుధవారం సాయంత్రం ప్రశాంతి షెడ్డులోకి పోయింది. అత్త మల్బరీ కొమ్మలు పరుస్తోంది. వేల పురుగులు ఆకు కొరికే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ప్రశాంతి కూడా ఒక కట్ట విప్పి రెండో వైపు నుంచి పరవడం మొదలుపెట్టింది.

“తప్పు చేసినానని మాత్రం నేను చెప్పనత్తా. ఒట్టు తప్పినాను, నిజమే. తిట్టు, కొట్టు. హిందూపురానికి మాత్రం రా.”

శ్యామలమ్మ తల తిప్పలేదు.

“నా కోసరం పోయినావు ఆ పరీక్షకు. నేను సిగ్గుపడతాననే కదా నువ్వు ముందు పడుకునింది? నాదేమో మాత్రలతో పోయె. నీది చూస్తే ఇట్లాయె...” ఆమె కట్ట వదిలేసి అత్త వైపుకు వచ్చింది. “నేను చూస్తా కూర్చోలేనత్తా.”

శ్యామలమ్మ చేతిలో కొమ్మ పట్టుకుని అట్లాగే నిలబడింది. ఆకులు చూస్తూ అంది.

“నాకు తెలియక కాదు పాపా. మొదటి మరక చూసిన దినమే నాకు తెలిసిపోయింది.”

“తెలిసి కూడా పోనంటాండావా?”

“తెలిసినందుకే.”

కొమ్మ కింద పెట్టి, మూలనున్న గోనెసంచి మీద కూర్చుంది. ప్రశాంతి ఎదురుగా నేల మీద కూర్చుంది.

“మా అక్కను నువ్వు చూడలే” అంది శ్యామలమ్మ.

వెంకటసుబ్బమ్మ ఆమెకంటే పద్నాలుగేళ్ళు పెద్ద. తల్లి చిన్నప్పుడే పోతే చెల్లెల్ని చంకన వేసుకుని పెంచింది. పెళ్ళయి ధర్మవరం పోతూ, “ఇది లేకుంటే నేను పోను” అని నాయన ముందర కూర్చుని ఏడ్చిందట. నాయన పంపలేదు. అయితే ఎండాకాలం సెలవులన్నీ శ్యామలమ్మవి ధర్మవరంలోనే.

పెనుకొండలో ప్యాసింజరు ఎక్కిస్తే చాలు. అక్క అప్పటికే ధర్మవరం స్టేషనుకు వచ్చి ఉండేది, చేతిలో కనకాంబరాల మాల పట్టుకుని. బండి పూర్తిగా ఆగకముందే “శ్యామలా, శ్యామలా” అని కేకలు వేస్తూ కిటికీల వెంట పరిగెత్తేది. జనం చూసి నవ్వినా ఆమెకు పట్టేది కాదు.

బావకు ఇంట్లోనే నాలుగు మగ్గాలు. పొద్దున కళ్ళు తెరవకముందే వాటి చప్పుడు చెవిన పడేది. రంగులద్దిన పట్టునూలు వీధి పొడవునా ఆరేసి ఉండేది, ఎర్రవి, పచ్చవి, వంకాయ రంగువి. వాటి కింద దూరి ఆడుకుంటుంటే బావ అరిచేవాడు. “నా చెల్లెలు ముట్టుకుంటే రంగు పోతాదా?” అని అక్క ఎదురు తిరిగేది. తెగిపోయిన జరీతో బొమ్మకు చీర అంచు కుట్టి ఇచ్చేది. మొదటి ఆట సినిమా చూసి, బొరుగులూ మిరపకాయ బజ్జీలూ పొట్లం కట్టించుకుని, ఆ పొట్లం ఇల్లు చేరేలోగా ఇద్దరూ దోవలోనే ఖాళీ చేసేవాళ్ళు. బావకు మాత్రం సినిమా కథ మిగిలేది.

“మా అక్క తల దువ్వితే నొప్పి పుట్టదు పాపా. చిక్కు పడిన చోట కింద వేలు పెట్టి పట్టుకునేది. ఇప్పటికీ దువ్వెన పట్టుకుంటే ఆ చెయ్యే గుర్తుకొస్తాది.”

ఆమె నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

“నాకు ముప్పై ఆరు అప్పుడు. అక్కకు యాభై. అక్కకు ఒకతే కూతురు, శోభారాణి. దానికి సంబంధం కుదిరిందంటే నేను పోయినా. పెరట్లో గుడ్డలు ఉతుకుతా నన్ను పిలిచింది. ‘చూడే శ్యామలా, ముట్లు నిల్చి రెండేండ్లాయె. నేను మళ్ళా పడుచుదాన్నయినా’ అనింది. నేనూ నవ్వినా పాపా. ఇద్దరం చానాసేపు నవ్వుకున్నాం.”

కొంగుతో మొహం తుడుచుకుంది.

“నవ్వు అయిపోయినాక నా చెయ్యి పట్టుకునింది. ‘శోభ పెండ్లి అయ్యేదాకా ఎవురికీ చెప్పొద్దు. తల్లికి రోగమంటే సంబంధం పోతాది’ అనింది. ఒట్టు వేయించుకునింది. తొమ్మిది నెలలకు పెండ్లి. నేను ఒట్టు తప్పలే. బావకు చెప్పలే, మీ మామకు చెప్పలే. పెండ్లయినాక ఆసుపత్రికి పోతే, ఇన్నాళ్ళు ఏం చేసినారనిరి. ఏడాదికి పోయింది.”

“అత్తా...”

“కర్మాంతరం దినం శోభ నన్ను అందరి ముందర నిలబెట్టి అడిగింది. ‘నీకు తెలుసంట కదా చిన్నమ్మా. తెలిసీ మా అమ్మను చంపుకుంటివి’ అనింది. ఆ పొద్దు నుంచి నా మొగం చూడలే. ఇరవై ఏండ్లాయె.”

ప్రశాంతి అత్త మోకాలి మీద చెయ్యి వేసింది.

“చచ్చిపోతానని కాదు నా భయం. ఆఖర్లో అక్కను వెనక గదిలో పడుకోబెట్టినారు, వాసన వస్తాదని. నేను పోతే తలుపు కాడ్నే నిలబడమనేది. బండి వెంట పరిగెత్తిన మనిషి, నన్ను దగ్గరికి రానీలే.”

“నిన్ను నేను ఏ గదిలోనూ పెట్టను” అంది ప్రశాంతి.

శ్యామలమ్మ మూడు రోజుల తర్వాత మొదటిసారి కోడలి మొహంలోకి చూసింది.

“నువ్వు చేసినట్టు ఆ పొద్దు నేను చేసింటే...” అని ఆగిపోయింది. తర్వాత లేచి చీర దులుపుకుంది. “రేపు ఎన్ని గంటలకు పోవల్ల?”

*

మర్నాడు పురుగులకు ఆకు వేసే పని చంద్రశేఖర్ తీసుకున్నాడు. చెన్నకేశవులు పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వాకిట్లో కూర్చున్నాడు.

“నువ్వు యాడికి?” అంది శ్యామలమ్మ.

“నేనూ వస్తా.”

“ఆడ మగవాళ్ళను లోపలికి రానీరు.”

“బయట కూర్చుంటా. బయట కూర్చుంటే వద్దంటారా?”

హిందూపురం ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒకరితో కన్నడం, ఇంకొకరితో తెలుగు మాట్లాడుతోంది. రిపోర్టు రెండుసార్లు చదివింది. పెరట్లో జామపండ్ల గురించి అడిగినంత మామూలుగా, సంసారం సంగతులన్నీ అడిగింది. శ్యామలమ్మ మొదట నేల చూస్తూ జవాబు చెప్పింది, తర్వాత డాక్టరమ్మను చూస్తూ చెప్పింది.

“మీ కోడలి వయసు వాళ్ళలో మాకు ఎక్కువగా కనిపించేది ఇన్ఫెక్షనే అమ్మా. మందులకు పోతుంది. ముట్లు ఆగినవాళ్ళేమో ఇంక మాకేముందని పరీక్షకే రారు. వచ్చినవాళ్ళలో మాత్రం గట్టిగా చూడాల్సినవి ఎక్కువ దొరుకుతాయి. వయసు మీరేకొద్దీ ఆ మార్పు వచ్చే చోటు లోపలికి పోతుంది, పైపైన చూస్తే కంటికి అందదు. అందుకే ఈ యంత్రం.”

“అంటే క్యాన్సరేనా?”

“ఇప్పుడే చెప్పలేను. ఒక్కోసారి ఆ చోట తడి ఆరిపోయినా కణాలు అట్లే కనపడతాయి. చిన్న ముక్క తీసి పంపుతా. రక్తం కనపడుతోందన్నారు కాబట్టి గర్భసంచి లోపలి నుంచి కూడా కొంచెం తీస్తా.”

“మా అక్కకు ఇదే వచ్చింది. ఆమె నుంచి నాకు వచ్చిందా?”

“లేదమ్మా. ఇది ఒక వైరస్ వల్ల వస్తుంది. చాలామంది ఆడవాళ్ళకు ఎప్పుడో ఒకప్పుడు వచ్చి దానంతట అదే పోతుంది. కొందరిలో పోకుండా ఉండిపోతుంది. పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు ఏమీ తెలియదు. ఇందులో ఎవరి తప్పూ లేదు.”

శ్యామలమ్మ బల్ల ఎక్కబోతూ ఆగింది. “మా అక్కకు అప్పుడే చూపించింటే?”

డాక్టరమ్మ రాస్తున్నది ఆపింది. “ఆమెను నేను చూడలేదమ్మా, చెప్పలేను. ముందుగా వస్తే మేం చెయ్యగలిగింది ఎక్కువ ఉంటుంది. అంతవరకే చెప్పగలను.”

అంతా అయ్యాక బయట బెంచీ మీద భర్త పక్కన కూర్చుంది. ప్రశాంతి మందుల కోసం వరసలో నిలబడింది.

“నాకెందుకు చెప్పలేదు?” అన్నాడు చెన్నకేశవులు, ఎదుటి గోడ చూస్తూ.

“నువ్వెప్పుడన్నా అడిగినావా?”

 వరసలో ఉన్న ఆడవాళ్ళు ముందుకు జరిగారు. ఒక చంటిబిడ్డ ఏడ్చి ఊరుకుంది.

“పెండ్లయిన కొత్తలో మనం చింతపండు అమ్మేదానికి ఇదే హిందూపురానికి వచ్చినాం, గుర్తుండాదా?” అన్నాడు. “సంతలో గాజులు చూస్తా తప్పిపోయినావు. గంటసేపు వెదికినా నీ కోసరం.”

“నేను తప్పిపోలే. నేను గాజులంగడి కాడ్నే ఉండాను. తప్పిపోయింది నువ్వు.”

“అట్లనే అనుకో.” చొక్కా మడత సరిచేసుకున్నాడు. “ఆ పొద్దు ఎట్ల భయపడితినో, ఇప్పుడూ అట్లనే ఉండాది నాకు.”

శ్యామలమ్మ అతని మోచెయ్యి మీద చెయ్యి వేసింది. నలుగురిలో అట్లా చెయ్యడం ఆమెకు అలవాటు లేదు. తియ్యలేదు కూడా.

*

రెండు వారాల తర్వాత, గురువారం, రిపోర్టు వచ్చింది.

“క్యాన్సరు కాదు” అంది డాక్టరమ్మ. “దానికి ముందు దశ. వదిలేసి ఉంటే కొన్నాళ్ళకు అయ్యేదేమో. సోమవారం రండి, ఆ భాగం తీసేస్తాం. తీసింది మళ్ళీ పరీక్షకు పంపుతాం. ఆ తర్వాత కూడా చెప్పినప్పుడల్లా వచ్చి చూపించుకోవాలి. గర్భసంచి లోపల ఏమీ లేదు.”

ప్రశాంతి అక్కడే భర్తకు ఫోను చేసి ఏడ్చింది. శ్యామలమ్మ బస్టాండు చేరేదాకా బాగానే ఉంది. సిమెంటు బల్ల మీద కూర్చున్నాక ఒక్కసారిగా కుమిలిపోయింది.

“మంచి మాటే కదా చెప్పినారు అత్తా!”

“మా అక్కకు కూడా ఈ ముందు దశ ఎప్పుడో ఉండే ఉంటాది కదా పాపా. అప్పుడు చూసేవాళ్ళు లేకపోయిరి.”

కళ్ళు తుడుచుకుంది. దాహమేస్తోందని నీళ్ళు తాగింది. బస్సు ఎక్కాక, కిటికీ పక్కన కూర్చుని అంది. “శోభకు ఇప్పుడు నలభై మూడు. దానికి ఎవురన్నా చెప్పింటారా ఈ పరీక్ష సంగతి?”

ఇంటికి వచ్చి ధర్మవరం పోతానంటే చెన్నకేశవులు ఒప్పుకోలేదు. “అది నిన్ను నలుగురి ముందర అనిన మాట మర్చిపోయినావా?”

“మర్చిపోలే. అది అనిందాంట్లో అబద్ధమేముంది?”

అతను పోయి సంచి తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

శనివారం పొద్దున అత్తాకోడళ్ళు పెనుకొండలో రైలెక్కారు. శ్యామలమ్మ ఒళ్ళో సంచి పెట్టుకుని, దాటిపోయే ప్రతి స్టేషను పేరూ పలక మీద చదివినట్టు చదివింది. ధర్మవరంలో బండి నెమ్మదించగానే ఆమె మెడ తనకు తెలియకుండానే ప్లాట్‌ఫారం వైపు సాగింది. ఆటోవాళ్ళు, బ్యాగులు మోసుకుపోయే కాలేజీ పిల్లలు. ఎవరూ ఎవరి కోసం పరిగెత్తడం లేదు.

“ఆ స్తంభం కాడ నిలబడేది” అంది, ఒక చోటు చూపించి. అక్కడ ఇప్పుడు నీళ్ళ బాటిళ్ళ అంగడి ఉంది.

ఆటో ఆ వీధి మొదట్లో దింపింది. రెండు మూడిళ్ళలోంచి మగ్గాల చప్పుడు వస్తోంది గానీ వీధిలో నూలు ఆరేసి లేదు, వరసగా బైకులు ఉన్నాయి. తండ్రి కూడా పోయాక శోభారాణి, ఆమె భర్త ఆ ఇంట్లోనే ఉంటున్నారని శ్యామలమ్మ విని ఉంది. ముందు భాగం కొత్తగా కట్టారు. ఆమె ఇల్లు గుర్తుపట్టలేదు. పక్కింటి అరుగును గుర్తుపట్టి, అక్కడి నుంచి ఒక తలుపు లెక్కపెట్టుకుంది.

తలుపు తెరిచిన మనిషికి చెంపల దగ్గర నెరిసింది. నుదురు, కనుబొమలు అన్నీ అక్కవే.

“ఎవురు కావల్ల?” అని, అంతలోనే గుర్తుపట్టింది. తలుపు రెక్క మీది చెయ్యి తియ్యలేదు.

“ఈమె నా కోడలు ప్రశాంతి” అంది శ్యామలమ్మ.

“ఏం పని మీద వచ్చినావు?”

“ఈడ నిలబడే చెప్పి పోతాలే. నాకు మీ అమ్మకు వచ్చిందే మొదలయింది శోభా. ముందు దశలోనే పట్టుకున్నారు. సోమవారం ఆపరేషను. నువ్వు కూడా పరీక్ష చేయించుకోవల్ల. ముట్లు ఉన్నోళ్ళకూ చేస్తారు, నిల్చినోళ్ళకూ చేస్తారు. ఈ మాట నీకు చెప్పల్లని వచ్చినా. ఫోన్లో అయితే పెట్టేస్తావని.”

శోభారాణి మొహం ఎర్రబడింది. “మా అమ్మ కాలంలో చెప్పాల్సిన మాట, ఇరవై ఏండ్లకు నాకు చెప్తాండావా?”

“అవును.”

“నోరు విప్పల్లంటే ఇన్నాళ్ళు పట్టిందా నీకు?”

“పట్టింది. ఈ పాప ఒట్టు తప్పి నా సంగతి ఇంట్లో చెప్పింది. అందుకే ఈ పొద్దు నీ ముందర నిలబడి ఉండాను. ఆ పొద్దు నేను ఒట్టు తప్పలే. నువ్వు అనింది నిజమే. తప్పు కాయమని అడగను. పరీక్ష చేయించుకో, అంతే.”

వెనక్కి తిరిగి రెండు మెట్లు దిగింది. ప్రశాంతి ఆమె భుజం పట్టుకుంది.

“ఎండలో యాడికి పోతారు? లోపలికి రాండి” అంది శోభారాణి.

మగ్గాల గుంతలు పూడ్చి బండలు పరిచారు. అక్కడే సోఫా ఉంది. శోభారాణి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఎదురుగా కూర్చుని తన చేతులు చూసుకుంది. 

“చిన్నమ్మా.”

ఇరవై ఏళ్ళ తర్వాత ఆ పిలుపు విని శ్యామలమ్మ తల ఎత్తింది.

“నాకు కూడా తెలుసు.”

“ఏం తెలుసు?”

“అమ్మ సంగతి. పెండ్లికి ముందే. నీళ్ళపొయ్యి వెనక దాచిన గుడ్డలు చూసినా. అడిగితే ఏమీ లేదనింది. నేనూ ఏమీ లేదనే అనుకున్నా. ఎందుకంటే నాకు ఆ పెండ్లి కావల్ల చిన్నమ్మా. ఈయనంటే నాకు అంత ఇష్టం. గట్టిగా అడిగితే యాడ నిల్చిపోతాదో అని అడగలే.”

ప్రశాంతి చేతిలో నీళ్ళ గ్లాసు కింద పెట్టింది.

“కర్మాంతరం దినం నిన్ను అంటి కదా, అది నన్ను అనుకోవాల్సిన మాట. నీ మీద వేస్తే నాకు బరువు తగ్గుతాదనుకున్నా. తగ్గలే. నిన్ను పిలుస్తామని ఎన్నిసార్లు అనుకున్నానో. పిలిస్తే ఇది చెప్పల్ల కదా. అందుకే పిలవలే.”

శ్యామలమ్మకు కోపం రావలసిన మాటే అది. ఇరవై ఏళ్ళు పండగలకు, పెళ్ళిళ్ళకు, ధర్మవరం పేరు వింటే చాలు తల దించుకుని తిరిగింది. కోపం కోసం చూసింది. ఎదురుగా కూర్చున్న మనిషిలో ఇరవై ఒక్కేళ్ళ పెళ్ళికూతురు కనిపించింది తప్ప కోపం రాలేదు.

“చిన్నపిల్లవి నువ్వు అప్పటికి” అంది. లేచి వెళ్ళి పక్కన కూర్చుంది. చెంప మీద నెరిసిన వెంట్రుకలు చెవి వెనక్కు తోసింది. శోభారాణి ఆమె భుజానికి నుదురు ఆనించి, చప్పుడు రాకుండా ఏడ్చింది.

కొంచెం తేరుకున్నాక శ్యామలమ్మ అంది. “సోమవారం నాతో కూడా హిందూపురానికి రా. నీదీ చూపిద్దాం. నా కోడల్ని అడుగు, ఏం నొప్పి ఉండదు.”

“నాకు అక్కర్లే” అంది శోభారాణి, వెంటనే. మరీ వెంటనే.

“అదేంటికి?”

“అక్కర్లే అంటే అక్కర్లే. ఇంకో మాట మాట్లాడు.”

ఆమె పైట చెంగు నడుము చుట్టూ బిగించుకుంటోంది. ప్రశాంతి ఆ మొహం చూసింది. బళ్ళో తెర ముందు కాళ్ళు కదలక తను నిలబడ్డప్పటి సిగ్గు కాదు అది. భయం.

బయట బైకు వచ్చి ఆగింది. శోభారాణి గబగబా కళ్ళు తుడుచుకుంది. “ఆయన వచ్చినాడు. ఆయన ముందర ఈ మాటలు తీయొద్దు చిన్నమ్మా. ఆయనకు ఏమీ తెలియదు.”

“ఏం తెలియదు? మీ అమ్మ సంగతా, నీ సంగతా?”

శోభారాణి నేల చూసింది. ఆమె చూపు ఒక్కసారి పెరట్లో నీళ్ళపొయ్యి వైపు పోయి వచ్చింది.

వాకిట్లో చెప్పులు విడుస్తున్న చప్పుడు. “ఎవరో వచ్చినట్టుండారే?” అని మగ గొంతు.

శ్యామలమ్మ ఈసారి ఏ ఒట్టూ వెయ్యకుండానే సోఫాలోంచి లేచి, తలుపు వైపు తిరిగి నిలబడింది.